బలరాం, తులసీదాస్ (1936–2023)

భారత ఫుట్‌బాల్ ఫార్వర్డ్. సికింద్రాబాద్ కంటోన్మెంట్ అంచున ఉన్న అమ్ముగూడలో పుట్టారు. పేరున్న క్లబ్బు నీడ లేకుండానే ఆట నేర్చి, ఇరవయ్యేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేశారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు లెఫ్ట్ వింగ్‌లో ఆడారు. ఆ మరుసటి ఏడే, 27వ ఏట, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశారు. ప్రదీప్ కుమార్ (పీకే) బెనర్జీ, చుని గోస్వామి, తులసీదాస్ బలరాం: ఆ తరం అభిమానులకు ఈ ముగ్గురూ త్రిమూర్తులు. మొదటి రెండు పేర్లు క్విజ్ పుస్తకాల్లో కనిపిస్తాయి. మూడోది మన నేల మీద పుట్టినవాడి పేరే అయినా, చెబితే మనవాళ్లే ‘ఎవరాయన?’ అంటారు.

‘మన’ అన్న మాటకు ఇక్కడ కొంచెం వివరం కావాలి. మన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. చదువుకైనా ఆటకైనా ఇక్కడి కుర్రాళ్ల చూపు మద్రాసు మీదే. హైదరాబాద్ అప్పటికి వేరే రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలైంది అదే నెల 22న. అంటే చిత్తూరూ అమ్ముగూడా ఒకే రాష్ట్రం కిందికి వచ్చి సరిగ్గా మూడు వారాలైంది. పైగా బలరాంది తమిళ కుటుంబం. మద్రాసు పల్టన్లతో పాటు దక్షిణాది కుటుంబాలు చేరి స్థిరపడిన ప్రాంతం ఆ కంటోన్మెంట్. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బజార్లో ఉర్దూ. నగరి, పుత్తూరు వైపు వాళ్లకు ఇందులో మొదటి రెండూ వింతేమీ కాదు. అమ్ముగూడ పక్కనే ఉన్న తిరుమలగిరిని దొరలు ‘ట్రిమల్గెరీ’ అని పలికి, అలాగే బోర్డుల మీదికి ఎక్కించారు. తిరుపతి వాళ్లు ఆ ఇంగ్లీషు బోర్డు చూసి అది తిరుమలగిరి అని పోల్చుకోవడం కష్టమే.

లీగ్ బయటి ఆట

ఇంగ్లండులో ‘నాన్-లీగ్’ అంటే అర్థం స్పష్టం. ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు అంచెల ఫుట్‌బాల్ లీగ్, మొత్తం 92 క్లబ్బులు. అయిదో అంచె నుంచి కిందికి ఉన్నదంతా నాన్-లీగే. అక్కడ ఆడేవాళ్లలో చాలామంది పగలు ఏదో ఒక పనిలో ఉండి, సాయంత్రం సాధన చేసి, శనివారం మ్యాచ్ ఆడతారు. అయితే 1986-87 సీజన్ నుంచి అయిదో అంచెలో గెలిచిన క్లబ్బు నేరుగా నాలుగో అంచెకు ఎక్కే ఏర్పాటు వచ్చింది. అంతకు ముందు పై క్లబ్బులు ఓట్లేసి రానిస్తేనే ప్రవేశం.

ఈ దారికి జేమీ వార్డీ పేరే ఇప్పుడు గుర్తు. పదహారో ఏట షెఫీల్డ్ వెడ్నెస్‌డే క్లబ్బు ‘నువ్వు వద్దు’ అని పంపేసింది. స్టాక్స్‌బ్రిడ్జ్ పార్క్ స్టీల్స్ అనే చిన్న క్లబ్బులో వారానికి 30 పౌండ్లకు ఆడుతూ, విరిగిన కాళ్లూ చేతులకు కట్టే పట్టీల కర్మాగారంలో పనిచేశాడు. 2010లో హాలిఫాక్స్, 2011లో ఫ్లీట్‌వుడ్. అక్కడ ఒక్క సీజన్లో 31 లీగ్ గోల్స్ చేసేసరికి 2012లో లెస్టర్ సిటీ 10 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. నాన్-లీగ్ ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ అంత పెట్టలేదు. 2015-16లో అతను వరుసగా 11 ప్రీమియర్ లీగ్ మ్యాచుల్లో గోల్స్ చేశాడు, లెస్టర్ చాంపియన్ అయింది. వార్డీ ప్రతిభను తక్కువ చేయడం కాదు గాని, అతను ఎక్కిన ప్రతి మెట్టూ అతను పుట్టకముందు నుంచో, పుట్టిన నాటి నుంచో అక్కడ ఉన్నదే. ఈ ఏడాది ఇక్కడ గోల్స్ చేస్తే వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్లొచ్చో అతనికి తెలుసు.

బలరాంకు అలాంటి మెట్లు లేవు. హైదరాబాద్‌లో లీగ్ ఉండేది, గట్టి జట్లు ఉండేవి. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎగరేసుకుపోయింది. కానీ కంటోన్మెంట్ శివారు కుర్రాడు ఆ జట్టు దాకా ఎలా వెళ్లాలన్నదానికి రాసిపెట్టిన దారి ఏదీ లేదు. ఎవరి కంటైనా పడాలి. పడకపోతే పెరేడ్ గ్రౌండే ప్రపంచం.

బూట్లు, సైకిలు

ఆయన ఆట ఆర్మీ కంబాట్ ఫోర్స్ అనే మిలిటరీ జట్టుతో మొదలైంది. తర్వాత హైదరాబాద్‌లోని రైడర్స్ క్లబ్బు. ఇల్లు పేదది. పోలీసులు వాడి పారేసిన బూట్లను చెప్పులు కుట్టే మనిషి ఫుట్‌బాల్ బూట్లుగా మార్చి ఇస్తే, వాటితో ఆడానని పెద్దయ్యాక చెప్పుకున్నారు.

బూట్ల మాట ఆ కాలానికి చిన్నది కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది వట్టి కాళ్లతోనే ఆడగా, చలిలో, తడి గడ్డి మీద మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. అప్పటిదాకా పేద కుర్రాడు కాళ్లుంటే ఆడేవాడు. ఇక కాళ్లకు తొడిగేవీ కొనుక్కోవాల్సి వచ్చింది. బలరాం ఆటలోకి దిగిన ఏళ్లు సరిగ్గా అవే.

ఆయన ఎవరి కంట పడ్డారో ఆ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). బడిపంతులు. 1950 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్, దానితో పాటు భారత జట్టుకూ కోచ్. రహీం సాబ్ అంటే హైదరాబాద్ ఫుట్‌బాల్లో ఇప్పటికీ గురుస్థానమే. డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి అనే నియమంతో టోర్నమెంట్లు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలనే పోటీలూ పెట్టేవారు. కుర్రాళ్లకు వయసుల వారీగా ఆటలు. గట్టి లీగ్ వ్యవస్థ చేయాల్సిన పనిని ఒక పంతులు తన సాయంత్రాల్లో చేసుకుపోయాడు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీకి హైదరాబాద్ జట్టును ఎంపిక చేసే వేళ రహీం బలరాంను రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రోజూ వచ్చిపోవడానికి కుర్రాడి దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకు డబ్బులు రహీమే ఇచ్చారు. బలరాం జీవితం మీద వచ్చిన రాతల్లో ఈ సైకిలు ముచ్చట తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. వార్డీ విషయంలో ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు చెల్లించిన 10 లక్షల పౌండ్లు చేసిన పని, ఇక్కడ ఒక పంతులి జేబులోంచి వచ్చిన సైకిలు అద్దె చేసింది.

1956-57 సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. ఫైనల్లో బొంబాయి ఓడింది.

మెల్‌బోర్న్ నుంచి రోమ్ దాకా

మెల్‌బోర్న్ వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ వాళ్లది పెద్ద వాటా. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, గోల్ కీపర్ పీటర్ తంగరాజ్, వాళ్లతో పాటు బలరాం. నెవిల్ డిసూజా మూడు గోల్స్ చేయగా ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి మనవాళ్లు సెమీఫైనల్ చేరారు. అక్కడ మళ్లీ యుగోస్లావియా, ఈసారి 1-4. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో భారత్ అంతకు మించి ఎప్పుడూ ఎక్కలేదు.

1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయన్ను తీసుకుపోయింది. దక్షిణాది నుంచి ఆటగాళ్లను తెచ్చుకోవడం ఆ క్లబ్బుకు పాత అలవాటే. 1949–53 మధ్య వాళ్ల ముందువరసను ‘పంచపాండవులు’ అనేవారు: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురూ దక్షిణాది వాళ్లే. పద్మానదికి అవతలి నుంచి ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన బెంగాలీలు తమదిగా పట్టుకున్న క్లబ్బు అది. ఆ జనం ఒక అప్పారావును, ఆ తర్వాత ఒక బలరాంను సొంతవాళ్లను చేసుకున్నారు.

‘వృత్తి’ అన్న మాటను ఆ రోజులకు జాగ్రత్తగా వాడాలి. ఒలింపిక్స్ ఆడాలంటే ఔత్సాహికుడై ఉండాలన్నది నియమం. కాబట్టి కాగితం మీద మన దేశంలో అంతా ఔత్సాహికులే. క్లబ్బులు చేతిలో పెట్టేది వేరు, రైల్వేలోనో పోలీసులోనో కస్టమ్స్‌లోనో ఇప్పించే ఉద్యోగం వేరు. ఆటే తిండి పెట్టేది, కానీ ఆ సంగతి ఎక్కడా రాయకూడదు. బలరాంది ఈ అర్థంలో వృత్తి జీవితం.

ఈస్ట్ బెంగాల్‌కు ఆయన ఆరు సీజన్లు ఆడారు. 1958లో ఐఎఫ్ఏ షీల్డ్ వచ్చింది. 1960లో డ్యూరాండ్ కప్పును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు. 1961లో కెప్టెన్సీ అప్పగిస్తే కలకత్తా లీగ్ గెలిచి చూపించారు. క్లబ్బుకు అది తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన లీగ్. ఆ ఏడాది లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికన్నా ముందున్నది కూడా ఆయనే.

ముందువరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడగలగడం బలరాం ప్రత్యేకత. ఎడమ అంచున, లోపలి ఫార్వర్డ్‌గా, మధ్యలో స్ట్రైకర్‌గా, ఎక్కడైనా సరే. ఆట ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టి అక్కడుండేవారు. చుని గోస్వామి డ్రిబ్లింగ్ కళ్లకు పండుగ, పీకే షాట్‌లో తుపాకీ దెబ్బ ఉండేది. బలరాం ఆటలో చప్పుడు తక్కువ. కథలుగా చెప్పుకోవడానికి చప్పుడున్న ఆటే బాగుంటుంది, ఆయన పేరు వెనకబడటంలో అదీ ఒక కారణం కావచ్చు.

రోమ్‌లో మనకు పడిన గ్రూపు నిప్పుల కొలిమి. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. 1960 ఆగస్టు 26న హంగరీతో మ్యాచ్. ఆ జట్టులో గొరొచ్, ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఉన్నారు, ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం వాళ్లదే. రెండు గోల్స్ ఇచ్చుకున్నాక, ఆట చివరి భాగంలో బలరాం ఒకటి తిప్పికొట్టారు. 1-2. ఫ్రాన్స్‌తో పీకే గోల్‌తో మనమే ముందున్నాం, ఆఖర్లో వాళ్లు సమం చేశారు. 1-1. పెరూతో 1-3, ఆ ఒక్కటీ బలరాందే. కాబట్టి ఒలింపిక్ ఫుట్‌బాల్లో భారత్ చేసిన చిట్టచివరి గోల్ అమ్ముగూడ కుర్రాడిది. ఆ తర్వాత మన పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు అర్హతే సాధించలేదు.

జకార్తా

1962 ఆసియా క్రీడలు ఆట కన్నా రాజకీయంతో ఎక్కువ వేడెక్కాయి. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఇండోనేసియా రానివ్వలేదు. అది తప్పని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ అన్నందుకు జకార్తా వీధులు మనమీద భగ్గుమన్నాయి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2. థాయిలాండ్‌పై 4-1 గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2-0, పీకే ఒకటి, బలరాం ఒకటి. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2.

సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ దక్షిణ కొరియాతోనే. స్టేడియంలో లక్షమంది దాకా జనం, అందరి గొంతూ మనకు ఎదురే. కుట్లు పడిన తలతో వెనక ఆడటం ప్రమాదమని, రహీం జర్నైల్ సింగ్‌ను ముందువరసలో నిలబెట్టారు. తంగరాజ్ జ్వరం నుంచి లేచివచ్చి గోల్ పోస్టు దగ్గర నిలిచాడు. ఎడమ అంచున బలరాం, కుడి అంచున పీకే, వాళ్ల మధ్య చుని గోస్వామి, జర్నైల్ సింగ్, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్. 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో జర్నైల్. కొరియా ఒకటి తిప్పికొట్టింది, 2-1తో స్వర్ణం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో 1951 తర్వాత మనకు అది రెండో స్వర్ణం, ఇప్పటికి అదే చివరిది. ఆ ఏడాదికి బలరాంకు అర్జున పురస్కారం ఇచ్చారు.

1963

జకార్తాకు వెళ్లేనాటికే రహీం ఆరోగ్యం చెడింది. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశారు. అదే ఏడు బలరాం ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్-నాగపూర్ రైల్వే జట్టుకు మారారు. అప్పటికే ప్లూరిసీ. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాచి, ఊపిరి తీసినప్పుడల్లా ఛాతీలో సూది గుచ్చినట్టుండే జబ్బు. ఆ రోజుల్లో మన పాత చిత్తూరు జిల్లాలో ఛాతీ జబ్బు అనగానే జనం అనే మాట ‘మదనపల్లె ఆరోగ్యవరం తీసుకుపొండి’. కొండగాలి, విశ్రాంతి, నెలల తరబడి మంచం. విశ్రాంతి తీసుకుంటే బతుకు నిలుస్తుంది, తొంభై నిమిషాలు పరుగెత్తే ఆట మాత్రం నిలవదు. 27వ ఏట ఫార్వర్డ్ ఆట పండే వయసులో బలరాం తప్పుకున్నారు.

గురువు పోయిన ఏడే శిష్యుడు మైదానం దిగిపోవడం కాకతాళీయమే. దాని పర్యవసానం మాత్రం కాకతాళీయం కాదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టు దాకా రహీం చేతి చలవ సాగింది. ఆ తర్వాత పల్చబడింది. ఒక మనిషి కన్నే మెట్లుగా నడిచిన చోట, ఆ కన్ను మూసుకున్నాక కొత్త బలరాంలు లేకుండా పోలేదు, కనబడకుండా పోయారు.

బలరాం హైదరాబాద్‌కు తిరిగి రాలేదు. రైల్వే ఉద్యోగం, కుర్రాళ్లకు శిక్షణ, ప్రతిభ వెతకడం వీటితో బెంగాల్లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒక ఫ్లాట్‌లో ఒంటరిగా గడిపారు. పీకేకు, చునికి పద్మశ్రీ వచ్చింది, ఆయనకు రాలేదు. ఆ మాట అడిగినవాళ్ల దగ్గర ఆయన బాధ దాచుకోలేదు. 2020 మార్చిలో పీకే, ఏప్రిల్లో చుని పోయారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో బలరాం పోయారు, 86 ఏళ్లు. రహీం జీవితం మీద తీసిన హిందీ సినిమా ‘మైదాన్’ మరుసటి ఏడు ఏప్రిల్లో వచ్చింది. అందులో బలరాం పాత్ర ఉంది. చూడటానికి ఆయన లేరు.

ఆ తర్వాతి దారి

బలరాం కలకత్తాకు వేసిన బాటలో హైదరాబాద్ వాళ్లు చాలామంది వెళ్లారు. వాళ్లలో మహమ్మద్ హబీబ్‌ది వేరే లెక్క. ఉద్యోగం ఇస్తామన్నా వద్దని, ఆట మీదే బతుకుతానన్నారు. అందుకే ఆయన్ను భారత తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అంటారు. హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో హబీబ్ ఆడారు. 1977లో పీలే ఉన్న కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2గా నిలిచినప్పుడు ఒక గోల్ ఆయనదే. బలరాం పోయిన ఏడే, ఆగస్టు 15న, హబీబ్ కూడా కాలం చేశారు.

ఇప్పుడు కాగితం మీద మెట్లు ఉన్నాయి. రాష్ట్ర లీగులు, వాటి పైన ఐ-లీగ్ పేరుతో నడుస్తూ వచ్చిన జాతీయ అంచెలు, అన్నిటికన్నా పైన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచింది, మూడేళ్లకే అమ్ముడై దిల్లీకి తరలింది. విశాఖలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన శ్రీనిధి డెక్కన్ ఐ-లీగ్‌లో వరుసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచింది. రాయలసీమ వరకైతే చెప్పుకోదగ్గ చోటు అనంతపురం. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అక్కడ పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఫుట్‌బాల్ నేర్పుతోంది. తిరుపతి తారకరామ స్టేడియంలోనో చిత్తూరు మెసానికల్ మైదానంలోనో సాయంత్రం బంతి తన్నే కుర్రాడికి పైమెట్టు ఇప్పటికీ దూరమే. ముందు జిల్లా ఎంపిక, తర్వాత రాష్ట్ర జట్టు, ఆ పైన బెంగళూరో చెన్నయో హైదరాబాదో వెళ్లి అకాడమీలో చేరగలిగే స్తోమత.

ఆ దూరాన్ని ఈ కాలంలో దాటిన తెలుగు పేరు ఆడపిల్లది. నిజామాబాద్ జిల్లా గుగులోత్ సౌమ్య. తండాలో పుట్టిన అమ్మాయి. గోకులం కేరళతో భారత మహిళల లీగ్ గెలిచి, 2022లో క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్‌కు ఆడింది. 2024-25లో మళ్లీ లీగ్ గెలిచింది, అదే సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారమూ అందుకుంది. ఆ లీగ్ గెలిచేటప్పుడు ఆమె ఒంటి మీద ఉన్నది ఎరుపు-బంగారు రంగుల జెర్సీ, 1957లో బలరాం తొడుక్కున్న ఈస్ట్ బెంగాల్‌దే.